ఆ తొమ్మిదేళ్లూ ఖాళీ కాదు

'టీచరు ఉద్యోగం ఆడవాళ్లకు అనువైనది' అనే మాట మన ఇళ్లల్లో తరాలుగా వింటున్నాం. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరుకోవచ్చు. పిల్లలకు సెలవులున్నప్పుడు తల్లికీ సెలవులుంటాయి. మగవాళ్లతో పెద్దగా పని పడదు. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు కూడా పనికొస్తుంది. ఇవీ దానికి చెప్పే కారణాలు. వీటిలో ఒక్కటైనా చదువు చెప్పటం గురించి ఉందేమో చూడండి. పాఠం చెప్పటంలో ఉన్న సంతోషం గురించి గానీ, దానికి కావలసిన తెలివితేటల గురించి గానీ ఒక్క ముక్క లేదు. అన్నీ ఇంటి గురించే. ఇంటిచాకిరీకి భంగం కలగకుండా చేసుకోగలిగేది గనకనే అది అనువైన ఉద్యోగం. ఇల్లు అసలు, ఉద్యోగం కొసరు.

సరే, అంత అనువైన ఉద్యోగమే అయితే, బిడ్డ పుట్టగానే దాన్ని వదిలేసిన స్త్రీలు మన చుట్టూ ఇంతమంది ఎందుకున్నారు? వాళ్లు తిరిగి రావాలనుకున్నప్పుడు ఒక్కొక్క తలుపూ ఎందుకు మూసుకుంటోంది? ఈ రెండు ప్రశ్నలనూ కలిపి చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

నేనూ అలా వదిలేసి తిరిగి వచ్చినదాన్నే. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆరేళ్లు సోషియాలజీ చెప్పాను. ఉద్యోగం చేస్తూనే డాక్టరేటు పూర్తి చేశాను. రెండో బిడ్డ పుట్టాక మానేశాను. తొమ్మిదేళ్లు ఇంట్లో ఉన్నాను. తిరిగి ఉద్యోగానికి బయల్దేరేసరికి నాకు నలభై ఏళ్లు. ఇంటర్వ్యూలో ఆ కాలేజీ కరస్పాండెంటు నా కాగితాలు తిరగేసి, 'మధ్యలో ఈ తొమ్మిదేళ్లూ ఖాళీగా ఉందేమిటమ్మా' అన్నాడు. పిల్లల్ని పెంచానని చెప్పాను. 'అది సరేనమ్మా, ఏం చేశారు?' అని మళ్లీ అడిగాడు. ఇస్తామన్న జీతం అప్పుడే పీజీ పూర్తి చేసి వచ్చిన అమ్మాయికి ఇచ్చేదే. నా పాత ఆరేళ్ల అనుభవం సంగతి ఎత్తితే, 'అది పాతదైపోయింది కదమ్మా' అన్నాడు.

ఇది నా ఒక్కదాని సంగతే అయితే రాయవలసిన పని లేదు. ఆయన దుర్మార్గుడూ కాడు. మన సమాజం మొత్తం మాట్లాడే భాషే ఆయనా మాట్లాడాడు. ఆ 'ఖాళీ' అన్న మాట ఉంది చూశారూ, దాన్ని విప్పి చూడాలి. ఖాళీ అంటే ఏమీ లేనిది. ఖాళీ గిన్నె, ఖాళీ స్థలం, ఖాళీగా కూర్చున్న మనిషి. ఒక స్త్రీ తన జీవితంలో అన్నిటికన్నా తక్కువ నిద్రపోయిన సంవత్సరాలకు ఈ సమాజం పెట్టిన పేరు ఖాళీ!

ఆ ఖాళీలో ఏముందో ప్రభుత్వ లెక్కల్లోనే ఉంది. 2024లో దేశమంతటా జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే ఖర్చు పెడుతున్నారు. ఆ పనిలో చెయ్యి వేసే మగవాళ్లు వెచ్చించేది 88 నిమిషాలు. పిల్లల్నీ ముసలివాళ్లనీ చూసుకునే పని దీనికి అదనం. 15 నుంచి 59 ఏళ్ల లోపు స్త్రీలలో నూటికి 41 మంది ఈ సంరక్షణ పని చేస్తున్నారు, రోజుకు 140 నిమిషాల చొప్పున. అదే వయసు మగవాళ్లలో చేస్తున్నది నూటికి 21 మంది చిల్లర, వాళ్లు పెట్టే సమయం 74 నిమిషాలు. ఇవి సగటు లెక్కలు. ఏడాది నిండని బిడ్డ ఉన్న ఇంట్లో తల్లి పని నిమిషాల్లో కొలిచేది కాదని ఎవరికైనా తెలుసు.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. టీచరు ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్న స్త్రీ పాఠాలు చెప్పటం మానలేదు. ఈనాటి మన బడి చదువు నడుస్తున్న తీరే అలా ఉంది. సాయంత్రం ఐదింటికి పుస్తకాల సంచీతో పాటు ఒక డైరీ ఇంటికొస్తుంది. అందులో హోంవర్కు, రేపటి డిక్టేషను, వారం పరీక్షల సిలబసు, అట్టముక్కలతో చెయ్యవలసిన ప్రాజెక్టు ఉంటాయి. ఇవన్నీ ఏడేళ్ల పిల్లాడు తనంతట తాను చేసుకుంటాడని బడి వాళ్లు ఎన్నడూ అనుకోరు. ఇంట్లో చదువుకున్న తల్లి ఉంటుందన్న ధైర్యంతోనే ఆ డైరీ నింపుతారు. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడినప్పుడు ఫోను ముందు పిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పించింది ఎవరు? ప్రతి సాయంత్రం ఆమె శ్రమను జీతం లేకుండా వాడుకునే బడే, ఆమె ఉద్యోగం అడగటానికి వస్తే 'మీకు అనుభవం లేదు' అంటుంది. ఇంతకన్నా తెంపరితనం ఉంటుందా?

'మానెయ్యమని ఎవరైనా బలవంతం చేశారా? అది ఆమె సొంత నిర్ణయం కదా' అనే వాళ్లున్నారు. చదువుకున్న స్త్రీలే ఎక్కువగా ఈ మాట అంటారు. తాము ఓడిపోయామని ఒప్పుకోవటం కన్నా తామే ఎంచుకున్నామని చెప్పుకోవటంలో కాస్త గౌరవం ఉంది మరి. కానీ నిర్ణయం అనటానికి ముందు, ఆమె ముందున్న దారులేమిటో చూడాలి కదా. మూడేళ్ల లోపు బిడ్డను పగలంతా చూసుకునే ప్రభుత్వ కేంద్రం మన ఊళ్లల్లో దాదాపు లేదు. అంగన్‌వాడీలో ఆటపాటలు, అక్షరాలు మూడేళ్లు నిండిన పిల్లలకే. అదీ పూర్తి పనిదినం ఉండదు. విద్యాహక్కు చట్టం ఆరేళ్ల దగ్గర మొదలవుతుంది. ఇక మిగిలింది అమ్మమ్మో, నానమ్మో, ఆయానో. పెద్దవాళ్లు అందుబాటులో లేని ఇంట్లో, ప్రైవేటు బడి ఇచ్చే జీతం ఆయాకూ ఆటోకూ చాలనప్పుడు, ఎవరి ఉద్యోగం మానుకోవాలన్న చర్చ అసలు జరగనే జరగదు. జీతం తక్కువ ఉన్నవాళ్లు మానుకోవాలి. జీతం తక్కువ ఎవరికి? ఆమెకు. ఎందుకు తక్కువ? అది ఆడవాళ్లకు అనువైన ఉద్యోగం గనక! ఎటు తిరిగినా ఆమె నెత్తి మీదికే వస్తుంది. దీనికి నిర్ణయం అని పేరు పెట్టటం దారి లేని వాళ్లను ఎగతాళి చెయ్యటమే.

చట్టం ఏం చేసింది? 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు బిడ్డలకు జీతంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ నిబంధనలున్నాయి. మంచిదే. కానీ ఆ 26 వారాల జీతభారమంతా యాజమాన్యం మీదే పెట్టారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000 సంవత్సరంలో చేసిన 183వ ఒడంబడిక ఈ ఖర్చు సామాజిక బీమా నుంచో ప్రభుత్వ నిధుల నుంచో రావాలని చెప్తుంది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. దానివల్ల పెళ్లయిన అమ్మాయి ఉద్యోగానికి వస్తే యాజమాన్యం ఆమెను టీచరుగా కాక రాబోయే ఖర్చుగా చూస్తుంది. ఇంటర్వ్యూలో 'పిల్లల ప్లానింగ్ ఏమిటమ్మా' అని అడిగేది అందుకే. ఇక 50 మంది సంగతంటారా, మన వీధి చివరి ప్రైవేటు బడుల్లో టీచర్లు 50 మంది ఉండరు. ఉన్నచోట హాజరుపట్టీలో కనపడరు.

ప్రభుత్వ టీచర్ల పరిస్థితి కొంత మెరుగు. కేంద్రంలో 2008 నుంచి 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో 60 రోజులు ఇచ్చి, 2022లో 180 రోజులకు పెంచారు. తెలంగాణలో 90 రోజులు ఇచ్చారు. ఈ సెలవులు పోరాడి తెచ్చుకున్నవి, వాటిని తక్కువ చెయ్యటం లేదు. కానీ కేంద్రంలో ఆ సెలవు తండ్రికి ఎప్పుడిస్తారో చూడండి. భార్య లేని ఒంటరి తండ్రి అయితేనే! భార్య బతికి ఉన్నంత కాలం బిడ్డతో ఆయనకు పని లేదని ప్రభుత్వమే రాతపూర్వకంగా చెప్తోందన్నమాట.

తిరిగి రావటం సంగతికి వద్దాం. ప్రభుత్వ బడిలో టీచరు కావాలంటే టెట్ రాయాలి, ఆ తర్వాత డిఎస్సీ రాయాలి. డిఎస్సీ ఏటా రాదు. తెలంగాణలో 2017 అక్టోబరులో 8,792 పోస్టులకు నోటిఫికేషను వచ్చింది. మళ్లీ పరీక్ష దాకా వెళ్లిన నోటిఫికేషను 2024 ఫిబ్రవరిలో 11,062 పోస్టులకు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత పెద్ద డిఎస్సీ 2025 ఏప్రిల్‌లో, 16,347 పోస్టులకు. రెండు చోట్లా ఆరేళ్లకు పైగా విరామం. వయసు పరిమితి చూస్తే, తెలంగాణలో 2024లో జనరల్ అభ్యర్థులకు 46 ఏళ్లు, ఆంధ్రప్రదేశ్‌లో 2025లో 44 ఏళ్లు. ఒక డిఎస్సీ కాన్పులో పోయిందనుకోండి, తర్వాతది బిడ్డ ఒకటో తరగతిలో చేరాక గానీ రాదు. ఆ రెండోదాని నాటికి ఇంకో బిడ్డో, మంచాన పడ్డ అత్తగారో ఉంటే, మూడోదాని నాటికి ఆమె వయసు దాటిపోతుంది. ప్రభుత్వం ఆలస్యం చేసిన ఏళ్లు కూడా ఆమె ఖాతాలోనే పడతాయి.

దీనికి తోడు అర్హతలు మారిపోతుంటాయి. ఇంటి దగ్గర ఉన్న మనిషికి ఆ మార్పులు చెప్పే వాళ్లు కూడా ఉండరు. బి.ఎడ్. చేసిన వాళ్లు ప్రాథమిక బడుల్లో పాఠాలు చెప్పటానికి అర్హులేనని 2018లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి చెప్పింది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చిన్నపిల్లలకు చదువు చెప్పటానికి ప్రత్యేక శిక్షణ కావాలన్న ఆ వాదనలో నిజముంది. కానీ ఫలితం చూడండి. తెలంగాణలో 2024 నాటి 11,062 పోస్టుల్లో 6,508 సెకండరీ గ్రేడ్ టీచరు పోస్టులే. బి.ఎడ్. పట్టా పెట్టెలో దాచుకుని, పిల్లలు పెద్దయ్యాక రాద్దామనుకున్న స్త్రీకి వాటిని ముట్టుకునే వీలు లేదు. మిగిలిన 2,629 స్కూల్ అసిస్టెంటు పోస్టులు జిల్లాలవారీగా, సబ్జెక్టులవారీగా ముక్కలైతే ఆమె సబ్జెక్టుకు ఆమె జిల్లాలో వచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

నియమాలను కదిలించలేమని మాత్రం ఎవరూ అనవద్దు. ఒకప్పుడు టెట్ సర్టిఫికెట్టు ఏడేళ్లకే చెల్లకుండా పోయేది. 2021లో దాన్ని జీవితాంతం చెల్లుబాటయ్యేలా మార్చారు. అంతకుముందు ఉత్తీర్ణులైన వాళ్లకు కూడా వర్తింపజేశారు. దానివల్ల ఆకాశమేమీ విరిగిపడలేదు.

వయసు పరిమితిలో ఇంకో విచిత్రముంది. మాజీ సైనికుడు ప్రభుత్వోద్యోగానికి వస్తే ఆయన సైన్యంలో పనిచేసిన కాలాన్ని వయసులోంచి తీసేస్తారు. ఆ పైన మరో మూడేళ్లు సడలిస్తారు. న్యాయమే. దేశానికి సేవ చేసిన మనిషి ఆ సేవ వల్లనే నష్టపోకూడదన్నది దాని వెనకున్న సూత్రం. రేపటి పౌరుల్ని పెంచటం కూడా దేశసేవేనని, మాతృమూర్తి దేవతని మన నాయకులు ప్రతి మార్చి 8న వేదికలెక్కి చెప్తుంటారు. సన్మానం దుప్పట్లు కప్పుతుంటారు. ఆ దేవతకు వయసు లెక్కలో ఒక్క ఏడాది తగ్గించటానికి మాత్రం చేతులు రావు.

స్త్రీలకు అసలే సడలింపు లేదా అంటే, ఉంది. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాల్లో భర్త చనిపోయిన స్త్రీలకు, విడాకులు పొందిన లేక కోర్టు ద్వారా వేరుపడి మళ్లీ పెళ్లి చేసుకోని స్త్రీలకు 35 ఏళ్ల దాకా వయసు సడలిస్తారు. అది ఉండవలసిందే. కానీ ఆ నియమం వెనక ఉన్న ఆలోచన ఏమిటి? భర్త ఉన్నంతవరకు స్త్రీ పోగొట్టుకున్న ఏళ్లు నష్టం కింద లెక్క కాదు. భర్త లేకపోతేనే ఆమెకు ఉద్యోగం అవసరం. ఉద్యోగం ఆమె హక్కు కాదు, మగవాడి స్థానంలో ఇచ్చే భృతి. పితృస్వామ్యం ఇంతకన్నా స్పష్టంగా మాట్లాడటం కష్టం.

మన కోర్టుల తీరు కూడా ఇంతే. 2001 జనాభా లెక్కల్లో ఇంటిపని చేసే స్త్రీలను బిచ్చగాళ్లతో, ఖైదీలతో, సెక్స్ వర్కర్లతో కలిపి ఉత్పాదక శ్రమ చెయ్యని వాళ్ల జాబితాలో వేశారని సుప్రీంకోర్టు 2010లో తప్పుపట్టింది. (సెక్స్ వర్కర్ల శ్రమను శ్రమ కాదనటమూ అన్యాయమే, అది వేరే చర్చ.) 2021 జనవరిలో జస్టిస్ ఎన్.వి. రమణ ఉన్న ధర్మాసనం గృహిణి శ్రమకు విలువ కట్టి తీరాలని మళ్లీ గట్టిగా చెప్పింది. ఈ రెండు తీర్పులూ ఎందులో వచ్చాయో తెలుసా? రోడ్డు ప్రమాదంలో చనిపోయిన స్త్రీల కుటుంబాలకు ఇవ్వవలసిన పరిహారం కేసుల్లో. అంటే ఆమె లారీ కింద పడితే ఆమె శ్రమకు రూపాయల్లో లెక్క ఉంది. బతికుండి సర్టిఫికెట్లు చేతబట్టుకుని వస్తే లెక్క లేదు. చచ్చాక కట్టగలిగిన లెక్క బతికుండగా ఎందుకు కట్టరు?

ప్రభుత్వోద్యోగపు తలుపు మూసుకున్నాక ఆమెకు మిగిలేది ప్రైవేటు బడి. 2024-25 ప్రభుత్వ లెక్కల ప్రకారం దేశంలోని టీచర్లలో నూటికి 54 మంది స్త్రీలు. దీన్ని మహిళా సాధికారత అని చెప్పుకుంటున్నారు. ఆ సాధికారత లోపల ఎలా ఉంటుందో ప్రైవేటు టీచర్లకు తెలుసు. ఏడాదికి పది నెలల జీతం. ఎండాకాలంలో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగటం. మధ్యలో మానకుండా ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం బీరువాలో పెట్టుకోవటం. 'మీ పిల్లలకు ఫీజు తగ్గిస్తాం' అని చెప్పి ఆమె జీతంలో కోత పెట్టటం. నా పక్కింటావిడ ఎనిమిదేళ్ల తర్వాత అలాగే తిరిగి చేరింది. 'ఖాళీగా ఉండే కన్నా నయం కదక్కా' అంది నాతో. మళ్లీ అదే మాట! ఎదుటివాళ్లు మనకు పెట్టిన పేరును మనమే మనకు పెట్టుకునేదాకా వచ్చాం. యాజమాన్యాలకు కావలసిందీ అదే. తిరిగి వచ్చిన తల్లి బేరమాడదు, ఊరు మారదు, పిల్లలు అదే బడిలో ఉంటారు గనక నోరెత్తదు. ఆమె 'ఖాళీ' వాళ్లకు లాభం.

1994లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఒకటో నంబరు జీవో ప్రకారం ప్రైవేటు బడి వసూలు చేసిన ఫీజుల్లో సగం సిబ్బంది జీతాలకు వెళ్లాలి. మరో 15 శాతం వాళ్ల భవిష్యనిధి వంటి ప్రయోజనాలకు వెళ్లాలి. ఆ జీవో అమలయితే ఈ వ్యాసంలో సగం రాయవలసిన అవసరమే ఉండేది కాదు. 2021లో బడులు మూతపడి రోడ్డున పడ్డ ప్రైవేటు టీచర్లకు తెలంగాణ ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఆకలి తీర్చిన మాట నిజం. కానీ ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన మనిషి ఒక్క నెల జీతం ఆగితే బియ్యం కోసం నిలబడే స్థితిలో ఎందుకుందని ఎవరూ అడగలేదు.

అసలు టీచరును పనిమనిషిగా, అంటే పని చేసే మనిషిగా, గుర్తించటానికే మన వ్యవస్థకు చాలా ఏళ్లు పట్టింది. పారిశ్రామిక వివాదాల చట్టం కింద టీచర్లు కార్మికులు కారని 1988లో సుప్రీంకోర్టు అన్నది. గ్రాట్యుటీ చట్టం వర్తించదని 2004లో అన్నది. 2009లో పార్లమెంటు చట్టం మార్చి, 1997 ఏప్రిల్ నుంచి వర్తించేలా చేస్తే, దానిమీద కూడా ప్రైవేటు బడులు కోర్టుకెక్కాయి. 2022లో గానీ ఆ తగువు తేలలేదు. చదువు చెప్పటం పవిత్రమైన కార్యమట, అందుకని అది పని కాదట. బిడ్డను పెంచటం పవిత్రమైన కార్యం, అందుకని అదీ పని కాదు. మన దగ్గర ఒక పనిని పవిత్రం అన్నారంటే దానికి డబ్బు ఇవ్వరని అర్థం. ఇంతా చేసి గ్రాట్యుటీకి నిరంతరంగా ఐదేళ్ల సర్వీసు ఉండాలి. మూడేళ్లు చేసి, బిడ్డ కోసం మానేసి, మళ్లీ నాలుగేళ్లు చేసిన స్త్రీకి ఏడేళ్ల సర్వీసు ఉన్నా చేతికొచ్చేది సున్నా.

తిరిగి రావటానికి దారి వెయ్యటం మనకు తెలియని విద్యేమీ కాదు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయింది. చదువు మధ్యలో ఆగిపోయిన వయోజన స్త్రీల కోసం ఆ బోర్డు 1958లో సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టింది. చదువు పూర్తి చేయించి వాళ్లను టీచర్లుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా తయారు చెయ్యాలన్నది దాని ఉద్దేశం. స్త్రీ జీవితం మగవాడి జీవితంలా ఒకే గీత మీద నడవదని, విరిగిన చోట అతుకు వేసే బాధ్యత ప్రభుత్వానిదేనని ఆనాడే ఒప్పుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో, ఖజానాలో డబ్బుల్లేని రోజుల్లో చేయగలిగిన పని ఈనాడు ఎందుకు చేతకాదు?

ఇక్కడ మనలో మనం మాట్లాడుకోవలసిన సంగతులు రెండున్నాయి. ఇంట్లో ఉండి బిడ్డను పెంచుకోగలగటం కూడా అందరికీ దొరికేది కాదు. చంటిబిడ్డను చెట్టుకొమ్మకు ఉయ్యాల కట్టి నాట్లు వేసే కూలీ స్త్రీకి 'గ్యాప్' అన్న మాటకు అర్థమే లేదు. టీచరమ్మ బడికి వెళ్లటానికి వీలుగా ఆమె బిడ్డను చూసుకునే ఆయా, తన బిడ్డను ఎవరి దగ్గర వదిలిందో మనం ఎన్నిసార్లు అడిగాం? కాబట్టి చదువుకున్న మధ్యతరగతి స్త్రీల వయసు సడలింపు కోసం మాత్రమే అడిగితే అది సగం ఉద్యమమే అవుతుంది. ప్రతి వాడలో, ప్రతి ఊళ్లో పూర్తి పనిదినం నడిచే శిశు సంరక్షణ కేంద్రం కావాలనే కోరిక కూలీ స్త్రీనీ, ఆయానీ, టీచరునీ ఒకచోట నిలబెడుతుంది.

రెండోది సిద్ధాంతపరమైన అభ్యంతరం. పిల్లల్ని పెంచిన ఏళ్లను సర్వీసుగా గుర్తించమంటే స్త్రీలను మళ్లీ తల్లిపాత్రలో బిగించినట్టు కాదా అని స్నేహితులు అడుగుతారు. గుర్తించనంత మాత్రాన ఆ పాత్ర నుంచి ఎవరూ విడుదల కాలేదు కదా! దాన్ని జీతం లేకుండా, పేరు లేకుండా మోస్తున్నారంతే. గుర్తింపు తల్లితనానికి కాదు, సంరక్షణ శ్రమకు ఇవ్వాలి. తండ్రి మానేసి బిడ్డను చూసుకుంటే ఆయనకూ ఇవ్వాలి. అప్పుడే తండ్రులకు కూడా మానేసే ధైర్యం వస్తుంది.

'వయసు సడలిస్తే చదువు ప్రమాణాలు పడిపోతాయి' అనే వాళ్లకు ఒకటే జవాబు. మేము పరీక్ష వద్దనటం లేదు, పరీక్ష హాల్లోకి రానివ్వమంటున్నాం. పాఠ్యపుస్తకాలు మారిన మాట నిజమే. మారిన పుస్తకాన్ని నేర్చుకోవటానికి కొన్ని వారాల శిక్షణ చాలు. ముప్పైమంది పిల్లల్లో అర్థం కాని పిల్లను కళ్లను బట్టి పట్టుకునే నేర్పు మాత్రం ఏ శిక్షణలోనూ దొరకదు. అది ఏళ్ల మీద వచ్చేది. బిడ్డను పెంచిన మనిషిలో ఆ నేర్పు తగ్గుతుందా, పెరుగుతుందా?

అందువల్ల మనం అడగవలసినవి ఇవి. డిఎస్సీలో, లెక్చరర్ల నియామకాల్లో పిల్లల సంరక్షణకు వెచ్చించిన ఏళ్లను మాజీ సైనికుల సేవాకాలం లాగే వయసులోంచి మినహాయించాలి. తిరిగి వచ్చే వాళ్ల కోసం జిల్లా విద్యా శిక్షణా సంస్థల్లో భృతితో కూడిన శిక్షణ పెట్టాలి. విరామానికి ముందున్న అనుభవాన్ని జీతం నిర్ణయంలో లెక్కించి తీరాలని ప్రైవేటు యాజమాన్యాలను నియమంతో కట్టెయ్యాలి. గ్రాట్యుటీకి విరామానికి ముందూ వెనకా చేసిన సర్వీసును కలిపి చూడాలి. ప్రసూతి సెలవు జీతం సామాజిక బీమా నుంచి రావాలి. సంరక్షణ సెలవు తండ్రులకూ ఉండాలి. వీటన్నిటికీ పునాదిగా మూడేళ్ల లోపు పిల్లలకు ప్రభుత్వ సంరక్షణ కేంద్రాలు రావాలి, వాటిలో పనిచేసే స్త్రీలకు గౌరవప్రదమైన జీతాలతో సహా.

ఇవేవీ వాటంతట అవి రావు. 33 1/3 శాతం రిజర్వేషను గానీ, ప్రసూతి సెలవు గానీ ఎవరూ పిలిచి చేతిలో పెట్టలేదు. ఉపాధ్యాయ సంఘాలు తమ కోరికల పత్రాల్లో వీటిని చేర్చాలి. ఉద్యోగంలో ఉన్న టీచర్లు ఉద్యోగం బయట ఉన్న టీచర్లను పోటీగా కాక తమవాళ్లుగా చూడాలి. మహిళా సంఘాలు ఇంట్లో ఉన్న చదువుకున్న స్త్రీని 'ఏం చెయ్యని మనిషి'గా లెక్కగట్టటం మానుకోవాలి. ఇక ఇంట్లో ఉన్న మన అక్కలకూ చెల్లెళ్లకూ చెప్పేది ఒకటుంది. దరఖాస్తులో అనుభవం అనే గడి వచ్చినప్పుడు అక్కడ అడ్డగీత గియ్యకండి. పిల్లల సంరక్షణ, ఇన్నేళ్లు అని రాయండి. ఒకళ్లు రాస్తే చూసి నవ్వుతారు. వేలమంది రాస్తే ఆ గడి గురించి వాళ్లే ఆలోచించవలసి వస్తుంది.